సరిహద్దు దాటిన సైన్యం ఖర్చు పార్లమెంటులో ఎక్కడ వెతకాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యంలో మనిషి ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. పటాలం ఐక్యరాజ్యసమితి డ్యూటీ మీద దక్షిణ సూడాన్ వెళ్తోందనో, నౌక గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌కి బయల్దేరిందనో కబురొస్తే ఇంట్లో ముందు అడిగేది ‘ఎప్పుడొస్తాడు’ అని. పంపమని ఎవరన్నారు, ఖర్చుకి ఎవరు ఒప్పుకున్నారు అని అడిగేవాళ్లు అరుదు. అడగాలనుకున్నవాళ్ల కోసమే ఇది.

ముందే ఒక మాట. ‘ఫలానా దేశానికి సైన్యాన్ని పంపడానికి సభ ఆమోదించింది’ అనే కాగితం కోసం వెతక్కండి, దొరకదు. మన రాజ్యాంగం అలాంటి కాగితం అడగలేదు. సభ ఒప్పుకోవాల్సింది డబ్బుకే. కాబట్టి వెతుకులాట డబ్బు దగ్గరే మొదలవ్వాలి.

యుద్ధానికి ఓటు ఎందుకు కనబడదు

53వ అధికరణ ప్రకారం త్రివిధ దళాల సర్వాధిపత్యం రాష్ట్రపతిది. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 15వ అంశం ‘యుద్ధం, శాంతి’. పార్లమెంటు దేని మీద చట్టం చేయగలదో దాని మీద కేంద్ర ప్రభుత్వానికి కార్యనిర్వాహక అధికారం ఉంటుందని 73వ అధికరణ చెబుతుంది. ఈ మూడూ కలిపి చదివితే విషయం తేలిపోతుంది. పంపే నిర్ణయం కేబినెట్‌ది, ఆచరణలో భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీది. కావాలంటే పార్లమెంటు ‘మా అనుమతి లేకుండా పంపకూడదు’ అని చట్టం చేయవచ్చు. ఇప్పటిదాకా చేయలేదు.

352వ అధికరణ కింద ఎమర్జెన్సీని చాలామంది యుద్ధ ప్రకటన అనుకుంటారు. అది వేరు. యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు వల్ల దేశ భద్రతకి ముప్పు ఉందని చెప్పే ప్రకటన అది. దాన్ని ఉభయ సభలూ నెలలోపు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, ఆపైన ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదించాలి. 1962 అక్టోబర్ 26న, 1971 డిసెంబర్ 3న పెట్టినవి ఈ తరహావే. కార్గిల్ అప్పుడు పెట్టలేదు. విశేషమేమిటంటే 1999 ఏప్రిల్‌లోనే లోక్‌సభ రద్దయింది. ఆ వేసవి యుద్ధమంతా లోక్‌సభ లేకుండానే గడిచిపోయింది.

మరి సభ ఏం చేసిందంటే, ఎక్కువసార్లు మాట్లాడింది. 1962లో సమావేశాలను ముందుకు జరిపి నవంబర్ 8 నుంచి 14 వరకు చర్చించి తీర్మానం చేశారు. 1971 మార్చి 31న తూర్పు బెంగాల్ ప్రజలకు సంఘీభావం తెలుపుతూ తీర్మానం చేశారు, యుద్ధం వచ్చింది డిసెంబర్‌లో. 1987లో శ్రీలంకకు శాంతి దళం వెళ్లేముందు ఓటింగే లేదు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైతే లోక్‌సభలో దానిపై ప్రత్యేక చర్చ జూలై 28, 29 తేదీల్లో జరిగింది, అంటే 82 రోజులకి.

సభ మాట బరువు తూగిన సందర్భం ఒకటుంది. 2003 ఏప్రిల్‌లో ఇరాక్ యుద్ధంపై లోక్‌సభ తీర్మానం చేసింది. ఖండించాలా, విచారం వెలిబుచ్చాలా అని పక్షాల మధ్య పేచీ వస్తే హిందీలో ‘నిందా’ అనే మాట దగ్గర రాజీ పడ్డారు. అమెరికా మన సైన్యాన్ని ఇరాక్ పంపమని అడిగితే ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపబోమని ఆ జూలై 14న భద్రతా కేబినెట్ కమిటీ తేల్చేసింది. ఆ తీర్మానానికి చట్టబలం లేదు. అయినా దాన్ని పక్కన పెట్టి సైన్యాన్ని పంపడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా. అమెరికాలో యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది. 1973 నాటి యుద్ధ అధికారాల తీర్మానం ప్రకారం అధ్యక్షుడు బలగాలను దించిన 48 గంటల్లో కాంగ్రెస్‌కి చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో వెనక్కి పిలవాలి, ఉపసంహరణకి మరో 30 రోజులు గడువు. జర్మనీలో 2005 చట్టం ప్రకారం బలగాలు బయటికెళ్లాలంటే ముందు పార్లమెంటు ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో చట్టం లేదు, ఆనవాయితీ ఉంది. 2013 ఆగస్టులో సిరియాపై ప్రభుత్వ తీర్మానం 272–285తో ఓడిపోతే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేం. 1858 భారత ప్రభుత్వ చట్టం 55వ సెక్షన్‌లో ఒక షరతు ఉండేది: దాడిని తిప్పికొట్టడానికో, అత్యవసరానికో తప్ప, దేశ సరిహద్దు అవతలి సైనిక చర్యలకు భారత ఆదాయాన్ని వాడాలంటే బ్రిటిష్ పార్లమెంటు ఉభయ సభలూ ఒప్పుకోవాలి. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు కట్టిన రోజులవి. ఓటు మనది కాదు, అనుమతిచ్చిన సభా మనది కాదు. కానీ ‘సరిహద్దు అవతల’ అనే గీత చట్టంలో ఉంది. ఓటు మనదయ్యాక రాసుకున్న రాజ్యాంగంలో ఆ గీత లేదు.

పద్దుల్లో వెతకడం

కేంద్ర బడ్జెట్ వెబ్‌సైట్‌లో ‘ఎక్స్‌పెండిచర్ బడ్జెట్’ తెరిచి రక్షణ శాఖకి వెళ్లండి. నాలుగు పద్దులుంటాయి. పద్దు అంటే ఒక్కో రకం ఖర్చుకి సభని మంజూరు చేయమని అడిగే మొత్తం. 2025-26లో వాటి నంబర్లు 19 నుంచి 22. కొత్త శాఖ పుట్టినా పాతది కలిసిపోయినా నంబర్లు జరుగుతాయి కాబట్టి పేరుతో వెతకడం మేలు. ఆ ఏడాది అంచనాలివి:

రక్షణ శాఖ (సివిల్): సుమారు 28,682 కోట్లు.
రక్షణ సేవలు (రెవెన్యూ): సుమారు 3,11,732 కోట్లు. జీతాలు, రేషన్, ఇంధనం, మందుగుండు, రవాణా ఇందులోనే.
రక్షణ సేవల మూలధన వ్యయం: 1,80,000 కోట్లు. విమానాలు, నౌకలు, తుపాకులు.
రక్షణ పెన్షన్లు: సుమారు 1,60,795 కోట్లు.

మొత్తం 6.81 లక్షల కోట్లు. ఇందులో ‘విదేశీ మోహరింపు’ అని గీత గీసిన వరస కనబడదు. బయటికెళ్లిన బెటాలియన్ జీతం జీతాల్లో, దాని డీజిల్ ఇంధనంలో కలిసిపోతాయి. ‘డిఫెన్స్ సర్వీసెస్ ఎస్టిమేట్స్’ అనే విడి సంపుటం తీస్తే కొంచెం లోతుకి దిగొచ్చు. అక్కడ సైన్యానికి మేజర్ హెడ్ (ఖర్చు రాసే పెద్ద ఖాతా) 2076, నేవీకి 2077, వైమానిక దళానికి 2078. వాటి కింద రవాణా, స్టోర్స్ మైనర్ హెడ్‌లలో ఏ ఏడాది ఉన్నట్టుండి ఉబ్బు వచ్చిందో చూడాలి. విదేశీ సహాయం, ఐక్యరాజ్యసమితికి కట్టే చందా విదేశాంగ శాఖ పద్దులో ఉంటాయి. రక్షణ పద్దు ఒక్కటే చూసి లెక్క కట్టేవాళ్లు వాటిని వదిలేస్తారు.

అంకెలు చదవడంలో ఎక్కువమంది బోల్తా పడేది నిలువు వరసల దగ్గర. ప్రతి పద్దుకీ వరుసగా కనబడేవి: రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అంచనాని ఖర్చు అనుకుంటే లెక్కంతా తప్పుతుంది. శ్రీలంక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. ఒప్పందం మీద సంతకాలు 1987 జూలై 29న, దళాలు వెళ్లింది మర్నాడు. అప్పటికి 1987-88 బడ్జెట్ ఆమోదం పొందేసింది, కాబట్టి అందులో ఈ ఖర్చు ఊసే ఉండదు. సవరించిన అంచనా కోసం 1988-89 పత్రాలు, వాస్తవ వ్యయం కోసం 1989-90 పత్రాలు తీయాలి. ఆఖరి దళం తిరిగొచ్చింది 1990 మార్చి 24న, ఆర్థిక సంవత్సరం ఇంకో వారంలో ముగుస్తుందనగా. అంటే ఖర్చంతా సరిగ్గా మూడు ఆర్థిక సంవత్సరాల్లో పడింది. ఆ మూడేళ్లనీ దానికి ముందు ఏడాదితో పోల్చండి. పెరుగుదలంతా శ్రీలంకదే అనుకోవద్దు. ధరలు, జీతాల సవరణ, కొత్త కొనుగోళ్లు కూడా అందులో కలుస్తాయి. 1,100 మందికి పైగా జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్న ఆ పోరు తాలూకు పెన్షన్లు తర్వాత ఎన్నో ఏళ్లు పెన్షన్ పద్దులో నడిచాయి. ఆ భాగం మూడేళ్ల లెక్కకి చిక్కదు.

ఏడాది మధ్యలో డబ్బు చాలకపోతే దారులు వేరుగా ఉంటాయి. మామూలు దారి 115వ అధికరణ కింద అనుబంధ పద్దులు. వర్షాకాల, శీతాకాల, బడ్జెట్ సమావేశాల్లో విడతలుగా వస్తాయి. వాటిలో ‘టోకెన్’ అని కనబడే చిన్న మొత్తాన్ని చిన్నచూపు చూడొద్దు. ఒక హెడ్‌లో మిగిలిన వందల కోట్లను ఇంకో హెడ్‌కి మళ్లించడానికి సభ అనుమతి కోసం పెట్టే లాంఛనం అది. సభ కూర్చునేదాకా ఆగలేని ఖర్చుకి ఆగంతుక నిధి ఉంది. 2021లో దాన్ని 500 కోట్ల నుంచి 30,000 కోట్లకు పెంచారు. తీసింది తర్వాత సభ ఆమోదంతో భర్తీ చేయాలి. 116వ అధికరణలో ‘ఓట్ ఆఫ్ క్రెడిట్’ అని మరో వెసులుబాటు ఉంది. ఖర్చు ఎంతవుతుందో, దేనికవుతుందో మామూలుగా ఇచ్చే వివరాలు ఇవ్వలేనంత పెద్దదీ అనిశ్చితమైనదీ అయితే, వివరాలు లేకుండానే సభ డబ్బు మంజూరు చేయవచ్చు. యుద్ధానికి కొలిచి కుట్టిన అంగీ లాంటిదిది.

మంజూరు దాటి ఖర్చయిపోతే అధిక వ్యయ పద్దు. ఊళ్లో అమ్మవారి పండగకి పెద్దలు చందా మించి ఖర్చు పెట్టేసి, పండగయ్యాక నలుగురినీ కూర్చోబెట్టి లెక్క చెప్పి ఒప్పించుకోవడం లాంటిదే. కాగ్ (ప్రభుత్వ ఖర్చుల ఆడిటర్) లెక్కలు తేల్చాక, ప్రజా పద్దుల సంఘం చూశాక సభకు వస్తుంది. ఏళ్లు గడిచిపోతాయి. అయినా ఆ నివేదికల్లో ఎందుకు ఎక్కువైందో శాఖ తన మాటల్లో రాసుకుంటుంది కాబట్టి, మొత్తం గొలుసులో చదవదగ్గ కాగితాల్లో ఇదొకటి.

పన్నుల వైపు కూడా ఓ కన్నేయాలి. 1971లో బంగ్లా శరణార్థుల ఖర్చు కోసం నవంబర్ 15 నుంచి పోస్టుకార్డు తప్ప ప్రతి ఉత్తరం మీద అదనంగా 5 పైసల ‘రెఫ్యూజీ రిలీఫ్’ స్టాంపు అంటించాల్సి వచ్చింది. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఆ కాలపు ఇన్‌లాండ్ లెటరుంటే తీసి చూడండి, మామూలు తపాలా ముద్ర పక్కన ఆ చిన్న బిళ్ల కనబడొచ్చు. సరిహద్దు అవతలి సంక్షోభం ఖర్చు ఆ 5 పైసల రూపంలో ఇక్కడి పల్లెల దాకా వచ్చింది.

కాగితం మీద చూస్తే డబ్బు విషయంలో మన పట్టు అమెరికా కన్నా గట్టిది. అక్కడ సైన్యానికి రెండేళ్ల దాకా ఒకేసారి నిధులివ్వొచ్చు, మనకి ఏటేటా ఓటు కావాలి. అయితే ఆ ఓటుని గిలెటిన్ మింగేస్తుంది. చర్చకి కేటాయించిన గడువు ముగిసే రోజు మిగిలిన పద్దులన్నిటినీ కలిపి ఒక్కసారే ఆమోదించేస్తారు. రక్షణ పద్దులు చర్చ లేకుండా గట్టెక్కిన ఏళ్లున్నాయి. కాబట్టి సభ చర్చ దొరకలేదని ఆగిపోకుండా రక్షణ స్థాయీ సంఘం నివేదికలు తీయండి. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10, మొత్తం 31 మంది సభ్యులున్న ఈ సంఘం ఏటా పద్దుల్ని విడదీసి, శాఖ ఎంత అడిగింది, ఆర్థిక శాఖ ఎంతిచ్చింది అని పక్కపక్కనే వేస్తుంది.

సభలో అడిగించడం

ముందు మీ ఎంపీ ఎవరో సరిచూసుకోండి. జిల్లా వేరు, లోక్‌సభ నియోజకవర్గం వేరు. రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల, జి.సిగడాం శ్రీకాకుళం జిల్లాలోవే అయినా ఎచ్చెర్ల అసెంబ్లీ స్థానం విజయనగరం లోక్‌సభ కిందికొస్తుంది. పాలకొండ, పార్వతీపురం, కురుపాం, సాలూరు అరకు కింద. శృంగవరపుకోట విశాఖపట్నం కింద. ఇంకో చిక్కు: శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్‌నాయుడు 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రి. మంత్రి సభలో జవాబులు చెప్పాలి గాని ప్రశ్నలు వేయరు. శ్రీకాకుళం వాళ్లు పక్క నియోజకవర్గం ఎంపీనో, రాష్ట్రం నుంచి రాజ్యసభలో ఉన్న 11 మందిలో ఎవరినో పట్టుకోవాలి. పద్దుల మీద ఓటు, కోత తీర్మానం (పద్దుని తగ్గించమనే తీర్మానం) మాత్రం లోక్‌సభ సభ్యులకే. ఎమ్మెల్యే దగ్గరికెళ్లి లాభం లేదు, ఇది పూర్తిగా కేంద్ర జాబితా విషయం.

ప్రశ్న నోటీసు 15 పూర్తి రోజుల ముందు సచివాలయానికి చేరాలి. ఒక సభ్యుడు ఒక రోజుకి లోక్‌సభలో అయిదు నోటీసులే ఇవ్వొచ్చు. రోజూ 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు లాటరీలో తేలతాయి. రక్షణ శాఖ జవాబిచ్చే రోజేదో సమావేశాల ముందు విడుదలయ్యే పట్టికలో ఉంటుంది. కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే మీ ముసాయిదా ఎంపీ కార్యాలయంలో ఉండాలి. మీకు కావాల్సింది అంకెలైతే గుర్తు లేని ప్రశ్నే వేయించండి, రాతపూర్వక జవాబు పట్టికతో సహా వస్తుంది. నక్షత్ర గుర్తుకి పోటీ ఎక్కువ, నోటి మాట జవాబు సాగదీతతో పోతుంది.

ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అభిప్రాయం, ఊహ, కేబినెట్ చర్చల వివరాలు, మిత్రదేశాన్ని కించపరిచే మాట ఉంటే అనుమతించరు. ‘విదేశాల్లో మన సైన్యం మీద ఎంత తగలేస్తున్నారు, ఇది దండగ కాదా?’ అని రాస్తే గడప దాటదు. ‘రేపు యుద్ధమొస్తే ఎంతవుతుంది’ అన్నా అంతే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. నిలబడే ప్రశ్న ఇలా ఉంటుంది:

‘రక్షణ మంత్రి ఈ కింది విషయాలు తెలియజేస్తారా:
(అ) 2022-23 నుంచి 2024-25 వరకు ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో పనిచేసిన భారత సైనికుల సంఖ్య, మిషన్ల వారీగా, ఏడాది వారీగా;
(ఆ) ఆ మూడేళ్లలో ఐక్యరాజ్యసమితి నుంచి రావాల్సిన రీయింబర్స్‌మెంట్, అందిన మొత్తం, బకాయి;
(ఇ) అందిన మొత్తం ఏ ఖాతా హెడ్ కింద జమ అవుతోంది;
(ఈ) విధుల్లో మరణించిన వారి కుటుంబాలకు చెల్లించిన పరిహారం, ఏడాది వారీగా?’

ఇందులో (ఇ) భాగం మీద పట్టు వదలొద్దు. సైన్యం పంపినందుకు ఐక్యరాజ్యసమితి తిరిగిచ్చే ఈ డబ్బు జవానుకి నేరుగా రాదు, ప్రభుత్వానికొస్తుంది. 2018లో ఖరారు చేసిన రేటు మనిషికి నెలకి 1,428 డాలర్లు ఉండేది. హెడ్ నంబరు తెలిస్తే తర్వాతి ఏళ్ల లెక్క మీరే తీసుకోవచ్చు, మళ్లీ ఎవర్నీ అడగక్కర్లేదు.

జవాబుల్లో మూడు రకాలు తరచూ కనబడతాయి. ‘వివరాలు వెల్లడించడం దేశ భద్రత దృష్ట్యా మంచిది కాదు’ అంటే ఆ భాగం వదిలేసి, గడిచిపోయిన ఏళ్ల మొత్తాలకే పరిమితమై మళ్లీ అడిగించండి. దూడ గడ్డి కోసం తాటిచెట్టెక్కిన బాపతు జవాబైతే, అడిగిన భాగం నంబరు వేసి ‘(ఆ)కి సమాధానం రాలేదు’ అని ఎంపీ చేత మంత్రికి ఉత్తరం రాయించండి. ‘సమాచారం సేకరిస్తున్నాం’ అన్నది మాత్రం మంచి జవాబు. ఆ మాట సభకిచ్చిన హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే హామీల సంఘం అడుగుతుంది. తేదీ రాసిపెట్టుకోండి.

మంత్రి తనంతట తాను ప్రకటన చేస్తే లోక్‌సభలో 372వ నిబంధన ప్రకారం అప్పటికప్పుడు ప్రశ్నలు వేయనివ్వరు. రాజ్యసభలో వివరణలు అడిగే ఆనవాయితీ ఉంది. అదే ప్రకటన రాజ్యసభ చర్చల్లో చదివితే అసలు విషయం బయటపడుతుంది.

కోత తీర్మానం గెలుస్తుందని ఎవరూ పెట్టరు, రికార్డు కోసం పెడతారు. విధానాన్నే వ్యతిరేకిస్తే పద్దుని ఒక రూపాయికి తగ్గించాలంటారు. పొదుపు కోసమైతే ఫలానా మొత్తం తగ్గించాలంటారు. ఒక్క ఫిర్యాదు చెప్పుకోవడానికైతే 100 రూపాయలు తగ్గించాలంటారు. విదేశీ మోహరింపు లెక్క విడిగా చూపడం లేదనే ఫిర్యాదుకి ఈ 100 రూపాయలదే సరిపోతుంది. ‘మోహరింపు ఖర్చును విడి హెడ్ కింద చూపకపోవడం’ అని ఒక్క అంశమే రాయాలి, రెండు కలిపితే తిరస్కరిస్తారు.

ఎంపీ దారి మూసుకుపోతే సమాచార హక్కు దరఖాస్తు. 6(1) సెక్షన్ ప్రకారం తెలుగులో రాయొచ్చు, అయితే ఢిల్లీలో అనువాదం పేరుతో నానకుండా ఇంగ్లిష్ ప్రతి కూడా జత చేయండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ ‘అకౌంట్స్ ఆఫీసర్’ పేరిట తీసుకోవాలి. దారిద్య్రరేఖ దిగువ వాళ్లకి రుసుము లేదు, ధ్రువపత్రం నకలు పెడితే చాలు. డీఆర్‌డీవో, బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ ఈ చట్టం నుంచి మినహాయించిన సంస్థల జాబితా అయిన రెండో షెడ్యూలులో ఉన్నాయి, అవినీతి, మానవ హక్కుల ఫిర్యాదులకి తప్ప జవాబివ్వవు. ఆర్మీ, నేవీ, వైమానిక దళం ఆ జాబితాలో లేవు. అయినా ఎంతమంది ఎక్కడున్నారని అడిగితే దేశ భద్రత మినహాయింపు 8(1)(ఎ) చూపించి తిప్పి పంపుతారు. మొత్తం ఖర్చు, ఏడాది, హెడ్ నంబరు, ఈ మూడే అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే శాఖలో మొదటి అప్పీలు, దానికీ స్పందన లేకపోతే 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. కవరు స్పీడ్ పోస్టులోనే వేయండి. అప్పీల్లో రోజులు లెక్కపెట్టేటప్పుడు ఆ రసీదు మీద తేదీయే అక్కరకొస్తుంది.